అత్తమ్మ సంచిలో నిమ్మకాయలు

శుక్రవారం రాత్రి, ఖానాపురం హవేలి

కొత్త కారు వాకిట్లో ఉంది. నాకే నిద్ర పట్టడం లేదు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. "ఇయ్యాల కొననీకే వచ్చినమని తెల్వనియ్యొద్దు. ఊకె చూస్తున్నట్టే ఉండాలె." షోరూంలో ఇంకో డీలరు రాసిచ్చిన కాగితం చూపించి గంటసేపు బేరమాడారు. మేనేజరు కొంచెం కొంచెంగా దిగుతున్నాడు. "ఇంకో పదివేలు తగ్గియ్యకుంటే ఆడికే పోతం" అంటూ ఆయన లేచారు. మేమూ లేచాం.

అప్పుడే అత్తమ్మ చేతిసంచి ఒరిగింది. కొత్త కారు చక్రాల కింద పెట్టడానికి తెచ్చిన నాలుగు నిమ్మకాయలూ నేలమీద దొర్లాయి.

మేనేజరు వంగి ఒక్కొక్కటే ఏరి బల్లమీద పెట్టాడు. "మంచిరోజు చూస్కొనే వచ్చిండ్రు గద సార్" అని నవ్వాడు. ఆ తర్వాత ఒక్క రూపాయి దిగితే ఒట్టు.

దారి పొడుగునా ఆయన అత్తమ్మనే అన్నారు. "నీ నిమ్మకాయలు పదివేలు తిన్నయే అమ్మా."

"అవ్ బిడ్డా, సోయి లేకపాయె" అందామె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ కాయలు కొన్నది నేను. ఆమె చూస్తుండగానే ఆ సంచిలో వేసిందీ నేనే. వెనక సీట్లో ఆమె పక్కనే కూర్చుని కూడా నోరు విప్పలేదు. ఆయనకెలా చెప్పాలో...

ఇందాక దుప్పటి కప్పుకుంటూ అత్తమ్మ మెల్లగా అంది: "రేపు భద్రాచలంల పూజకు మల్ల నాలుగు కాయలు గావాలె. నా సంచిలనే వెయ్యి బిడ్డా."

ఉన్న కాస్త నిద్ర కూడా ఆ మాటతో పోయింది.