మహిపాల్ దినానికి నీళ్ళు

సెక్రెటరీ అచ్యుతరావు సారుకు దండాలు.

నాచారంలో మీ అపార్టుమెంటు ఈతకొలనుకు నీళ్ళు తెస్తూ ట్యాంకర్ బోల్తాపడి నా కొడుకు పోయాడు. మీరు ఉప్పల్‌లో మా ఇంటిదాకా వచ్చి, "బాధపడకమ్మా, మహిపాల్ పేరు మీద గేటు దగ్గర ఫౌంటెన్ కట్టిస్తాం" అన్నారు. మీ మనసు చాలా పెద్దది సారూ.

ఎల్లుండి వాడి దినం. వచ్చిన చుట్టాలంతా తానం చేస్తేగాని ముద్ద ముట్టరు. మా బస్తీలో నల్లా రావడం లేదు. "ఊరందరికి నీళ్లు మోసినోని దినానికి బిందెడు నీళ్లు లేవా వదినె?" అని మా ఆడబిడ్డ దెప్పింది.

ఫౌంటెన్ తర్వాత కట్టొచ్చు. కొలను నీళ్ళు పాతబడ్డాయని రేపు మోరీలోకి వదిలేస్తారట, మీ వాచ్‌మన్ పోశయ్య చెప్పాడు. వాటినే ఒక ట్యాంకర్ మా ఇంటికి పంపించండి సారూ. అవి వాడు అంతకుముందు తెచ్చి నింపినవే.

మహిపాల్ తల్లి