ఏడవడానికి అనుమతి

సుఖపురం కాలనీ,
ఉరవకొండ దగ్గర,
12 ఆగస్టు 1976.

ప్రియమైన లక్ష్మీనరసమ్మకు,

నీ రూతు రాస్తున్న ఉత్తరం. నువ్వూ, మీ నాయన నారాయణప్పగారూ, చెల్లెళ్లూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని కాన్వెంటులో నేర్పారు కదా, అందుకే రాశాను.

నీ జాబు అందింది. శింగనమల చెరువు నెర్రెలిచ్చిందనీ, మేకలన్నీ అమ్మేశారనీ, నాయన మా కాలనీకి దరఖాస్తు పెట్టాడనీ రాశావు. నెలాఖరుకు ఇక్కడి లారీ మీ ఊరికి వస్తుంది. ఎక్కాలా వద్దా అని నన్నడిగావు. నాలుగు ప్రాణాల సంగతి. మూడు రోజులుగా జవాబు రాయలేక కూర్చున్నాను.

ఈ ఉత్తరం ఆఫీసు డబ్బాలో వేయడం లేదు. అక్కడ వేసినవి తెరిచి చూస్తారని నా అనుమానం. నీ కవరుకు జిగురు రెండుసార్లు పూసినట్టుంది. నువ్వే పూశావా? బయట పోస్టులో వేయమని నీళ్ల లారీ నడిపే ఓబుళేసన్న చేతికి ఇస్తున్నాను. అతణ్ణి కూడా పూర్తిగా నమ్మను. కానీ రోజూ గేటు దాటి వెళ్లి, తిరిగి రాగలిగేవాడు అతనొక్కడే.

ముందు మంచి చెబుతాను. ఇక్కడ తొట్టి నిండా నీళ్లుంటాయి. రెండు పూటలా రాగిసంగటి, నంజుకోవడానికి ఊరిబిండి. సున్నం కొట్టిన ఇళ్లు. కరువు పల్లెలవాళ్ల కోసం ఎవరో ట్రస్టువాళ్లు కట్టారు. గేటుకు తాళం లేదు. పోయేవాళ్లను ఎవరూ ఆపరు, పోయినవాళ్లను మళ్లీ రానివ్వరు, అంతే. చుట్టూ పది మైళ్లలో బావులన్నీ ఎండిపోయాయి కాబట్టి తాళం అవసరం పడలేదు.

ఒకటే షరతు. ఇక్కడ అందరూ సంతోషంగా ఉండాలి. నా చేతిరాత బాగుందని నాకు ఆ రిజిస్టరు అప్పగించారు. రోజూ పొద్దున ఇరవై ఆరు ఇళ్లకు వెళ్లి, సంతోషంగా ఉన్నారా అని అడగాలి. ఉన్నామంటే నీలిగీత. సణిగినా, ఏడ్చినా ఎర్రగీత. మూడు ఎర్రగీతలు పడితే ఇల్లు ఖాళీ చేయాలి.

మొదట్లో జనం నన్ను ఆటపట్టించేవాళ్లు. పక్కింటి హనుమక్క అయితే, సంగటి ఉడుకుడుకుగా ఉంటే సంతోసమే తల్లీ, సల్లారిపోతే సాయంత్రం వచ్చి అడుగు అనేది. పోయిన నెల ఆమె భర్త ఈరన్న జ్వరంతో చనిపోయాడు. మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో నిలబడి ఉంది. నేను అడగకముందే, సంతోసమే తల్లీ, రాసుకోపో అంది. నేను నీలిగీత గీశాను.

ఇక అసలు సంగతి. మన పల్లెల్లో వాన రాకపోతే ఆడవాళ్లు మట్టితో మనిషి బొమ్మ చేసి, పీనుగలా పడుకోబెట్టి, చుట్టూ కూర్చుని ఏడుస్తారు కదా. ఆ ఏడుపు విని మేఘం కరుగుతుందని నమ్మకం. పదహారో ఇంట్లో ఉండే కదిరమ్మ అనే ముసలామె నా చెయ్యి పట్టుకుని, తొట్లో నీళ్లుంటే సేను పండుతాదా పాపా, ఒగ వాన పడనీ, ఈ సంగటి ఎవురికి గావాల, మా ఊరికి మేం పోతాం, సూపర్నెంటు సారును అడుగు, ఒగ దినం మమ్మల్ని ఏడ్సనీమను అంది.

అప్పుడు నాకు తట్టింది. వాన పడితే ఈ కాలనీతో ఎవరికీ పని ఉండదు. ఆ సంగతి కాలనీ నడిపే సూపర్నెంటు శ్రీరంగప్పకు తెలియదా? ఒప్పుకోడనే అనుకుంటూ వెళ్లాను. ఆయన నవ్వి, ఏడ్సుకోండమ్మా, ఎవురొద్దన్నారు, వానొస్తే నాకు మాత్రం సేదా అన్నాడు. కాదంటే ఇంత భయపడేదాన్ని కాదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి కాలనీ వెనక ఎర్రనేల మీద ముప్పైమంది ఆడవాళ్లు చేరారు. బొమ్మకు కళ్లుగా రెండు శనగవిత్తనాలు పెట్టారు. శ్రీరంగప్ప దూరంగా వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకున్నాడు. అందరూ కూర్చున్నారు. ఎవరికీ ఏడుపు రాలేదు. హనుమక్క గుండెలు బాదుకుని, అయ్యో నా సామీ అని ఎత్తుకుంది. మధ్యలో తల తిప్పి చూసింది. చూసి, నవ్వింది. ఆమెను చూసి పక్కామె, ఆ పక్కామె. ముప్పైమందీ పీనుగ చుట్టూ కూర్చుని నవ్వుమొహాలు పెట్టారు.

కదిరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఏమే, మీ ఏడుపులు యాడ పూడ్సిపెట్టినారే, పీనుగను ముందర పెట్టుకోని పండ్లికిలిస్తాండారు, ఏ మేగం నమ్ముతాదే మిమ్మల్ని అని తిట్టింది. తర్వాత తానొక్కతే ఏడ్చింది. ఎండిన చేలను పేరుపేరునా పిలిచి ఏడ్చింది. ఈరన్న కోసం కూడా ఏడ్చింది, హనుమక్క ఎదురుగా. వాన మాత్రం పడలేదు.

ఆమెకు అప్పటికే రెండు ఎర్రగీతలున్నాయి. మంగళవారం పొద్దున వెళితే ఇల్లు ఖాళీ. గోరంట్లలో కూతురి దగ్గరికి పోయిందన్నారు. ఆమెకు పిల్లలు లేరని నాకు తెలుసు.

మూడో గీత ఎవరు గీశారు? సాయంత్రం రిజిస్టరు ఆఫీసు బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తెరవచ్చు. శ్రీరంగప్ప అనుమతి ఇచ్చిందే అందుకేమో. లేక హనుమక్క వెళ్లి చెప్పిందేమో. ఆమెను అడిగితే, ఆయమ్మ యాడున్నా సుకంగానే ఉంటాదిలే అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇదీ ఇక్కడి సంగతి. అయినా మీకు తాగడానికి నీళ్లు లేవు. అందుకని రమ్మనే అంటున్నాను. జాగ్రత్తగా ఉంటే బతకవచ్చు. శ్రీరంగప్ప ముందు తక్కువ మాట్లాడండి. హనుమక్కను నమ్మకండి. ఎంత కష్టం వచ్చినా నలుగురిలో ఏడవకండి. మిగతాది నేను చూసుకుంటాను.

నారాయణప్పగారికి నా నమస్కారాలు, చెల్లెళ్లకు ముద్దులు.

ఇట్లు,
నీ స్నేహితురాలు,
రూతు

తా.క. కవరు అంటించే ముందు ఇదంతా మళ్లీ చదివాను. పైన అబద్ధం రాశాను. కదిరమ్మకు మూడో గీత గీసింది నేను. ఎవరూ గీయమనలేదు. శ్రీరంగప్ప ఆ కుర్చీలో నిద్రపోయాడు. ఆ రోజు ఆడవాళ్లు తల తిప్పి చూసింది ఆయన వైపు కాదు. రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ నా వైపు. ఆమె ఇంకా ఏడుస్తుండగానే గీశాను. గీత వంకర పోలేదు. పని సరిగ్గా చేశానని హాయిగా కూడా అనిపించింది. ఇల్లు ఖాళీ అయినందుకు కారణం రాయాల్సివస్తే, గోరంట్లలో కూతురని రాసిందీ నేనే.

లారీ ఎక్కకండి. నడిచైనా ధర్మవరం వెళ్లండి, మగ్గాల దగ్గర కండెలకు దారం చుట్టే పని దొరుకుతుంది. ఇక్కడ మీకు పదహారో ఇల్లు రాసిపెట్టారు. మీరు దిగిన మర్నాడు పొద్దున వాకిట్లోకి వచ్చి అడిగేది నేనే. అప్పుడు మీ నాయన కళ్లు తుడుచుకుంటూ కనిపించాడా, నరసమ్మా, నేను గీస్తాను.