అతుకు లేని వీపు

మార్టూరు,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

ప్రియమైన తమ్ముడు ఫిలిప్‌కు,

అక్క లిడియా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నాన్న, నేను అందరం క్షేమం. ఆ షిల్లాంగు చలిలో నువ్వూ, నీ దగ్గర గిటారు నేర్చుకునే పిల్లలూ క్షేమమని తలుస్తాను.

తీగల ప్యాకెట్టులో పెట్టి నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఫోను ఉండగా ఉత్తరాలేమిటని మన వడ్రంగి షెడ్డులో పనిచేసే ఆదాం నవ్వాడు. నీ ఫోను రాగానే నాన్న స్పీకరు పెట్టమంటాడు. వాట్సాప్‌లో నీ మెసేజీలు నాకంటే ముందు తనే చూస్తాడు. అందుకే ఇది కాగితం మీద రాసి, నాన్న నీకు చేసి పంపుతున్న గిటారు పెట్టెలో గుడ్డ కింద పెడుతున్నాను.

వానల సంగతి అడిగావు. కల్లాల్లో మిరపకాయ తడిసింది. పర్చూరు వైపు పట్టాలు కప్పినవాళ్ళ కాయ కూడా అడుగున రంగు పోయి తాలు అయింది. పత్తి రెండో తీతతోనే ఆగిపోయింది. పంట పోయిన ఏడాది తలుపులు, మంచాలు ఎవరూ చేయించుకోరు. షెడ్డులో ఇప్పుడు చేస్తున్నవి ఎక్కువగా శవపెట్టెలే. పక్క గ్రానైటు యూనిట్లో పాలిషింగు మిషన్లు ఆగిన రోజు రంపం చప్పుడు రోడ్డు దాకా వినపడుతుంది. ఈ మధ్య అలాంటి రోజులు ఎక్కువయ్యాయి.

గిటారు పూర్తయింది. వీపు ఒకే ముక్కా, రెండు ముక్కలా అని అడిగావు. ఒకే ముక్క.

ఈస్టరుకు నువ్వు వచ్చినప్పుడు జరిగిన గొడవ నీకూ గుర్తుండే ఉంటుంది.

"రెండు పలకలు పక్కపక్కన అతికిస్తేనే చెక్క నిలకడగా ఉంటుందిరా. ఒకదాని వంపును ఇంకోటి పట్టి ఆపుద్ది," అన్నాడు నాన్న.

"ఒకే ముక్కయితే మోత ఎక్కువసేపు నిలబడుద్ది నాన్నా. తెలిసినవాళ్ళు అదే అడుగుతారు," అన్నావు నువ్వు.

"కరెంటు పెట్టి వాయించేదానికి చెక్క మోతేందిరా? కరెంటు పోతే ఏం వాయిస్తావు?"

"కరెంటు పోతే పాస్టరుగారి ప్రసంగమే వినపడదు మేస్త్రీ. దానికంటే ఇదే నయం," అని ఆదాం అందుకున్నాడు. నాన్న నవ్వలేదు.

"అయినా గిటారు వీపు ఎవడు చూస్తాడు? నీ పొట్టకేగా ఆనేది."

"నేను చూస్తాను నాన్నా," అన్నావు. అని ఊరుకోకుండా అటక మీదున్న వెడల్పాటి టేకు పలకను చూపించి, "అదెందుకు ఇవ్వవు?" అన్నావు. "అది చర్చి పనికి దాచింది," అన్నాడు నాన్న. నువ్వు వెళ్ళి బస్సెక్కావు.

నువ్వు వెళ్ళాక నాన్న తన పద్ధతిలో రెండు ముక్కల వీపుతో గిటారు చేశాడు. అది బాగానే వచ్చింది. అయినా నీకు పంపలేదు. కొన్నాళ్ళకు ఒకే ముక్కతో ఇంకోటి చేశాడు. ఆదాం అదే మెడను, అవే తీగలను, అదే కరెంటు సామానును ఒకదాంట్లోంచి తీసి ఇంకోదానికి బిగించి రెండూ వాయించాడు. నేను గోడవైపు తిరిగి కూర్చుని ఏది ఏదో చెప్పబోయాను. ఎక్కువసార్లు తప్పాను. నాన్న కూడా తప్పాడు. కాబట్టి మోత గురించి నువ్వు చెప్పినదానికి నాకు రుజువు దొరకలేదు. నాన్న చెప్పినదానికీ దొరకలేదు. ఈ వానలన్నిటికీ ఆ ఒంటి ముక్క వంగలేదు. అది బాగా ఆరిన పాత చెక్క.

ఆ చెక్క అటక మీదిదే.

చిలకలూరిపేట దారిలో పాత జిన్నింగు మిల్లు పడగొట్టినప్పుడు నాన్న తెచ్చుకున్నాడు. పత్తి బేళ్ళు దొర్లించిన బల్ల అది. అంత వెడల్పు టేకు ఇప్పుడు ఏ కలప అడితిలోనూ లేదు. దాన్ని ఎందుకు దాచాడో ఆదాం చెబితేనే నాకు తెలిసింది. శవపెట్టెలు చేసే మేస్త్రీ తన పెట్టె మూతకు పలక తానే ఎంచి పెట్టుకుంటాడట. బతికుండగా తన కొలత ఇంకొకరి చేత తీయించుకోడట. తాతయ్యా అలాగే చేశాడు. అమ్మకు తెలుసు, పోయేదాకా మనకు చెప్పలేదు. "ఈ బరువుకు నన్ను మోసేవాళ్ళు సమాధుల తోట దాకా తిట్టుకుంటూ రావాలిరా," అని నాన్న ఆదాంతో అంటుండేవాడట.

కోసే రోజు ఆదాం రంపం పట్టనన్నాడు.

"మేస్త్రీ, అది నీది."

"నాది కాబట్టే కోస్తున్నా. ఆ కొస పట్టుకో."

తలవైపు నుంచి గిటారుకు కావలసినంత కోశాడు. మిగిలింది నాన్న పొడవుకు చాలదు.

నేను పనిచేసే పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. ఈ ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాశాను. అది తప్పు. నాన్న క్షేమంగా లేడు. దగ్గు తగ్గకపోతే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. కాలేయానికి పాకింది. వచ్చే ఎండాకాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పారు. నాన్నే అడిగి చెప్పించుకున్నాడు. ఆ పలక కోసింది గుంటూరు నుంచి వచ్చాకే.

"వాడికి చెప్పొద్దు. చెబితే గిటారు ముట్టుకోడు. వాడి చేతికి అందాక చెప్పుకో," అని నా దగ్గర మాట తీసుకున్నాడు. గిటారు అందితేగాని నీకు ఈ కాగితం కనపడదు. మాట తప్పలేదనే అనుకుంటున్నాను. చెక్క ఎక్కడిదో చెప్పొద్దని మాత్రం ఆయన అనలేదు. నేను చెబుతానని ఊహించి ఉండడు. తెలియకుండా నువ్వు దాన్ని వాయించడం నాకు ఇష్టం లేదు. తెలిసి వాయించు. గోడకు తగిలించకు.

రెండు ముక్కలదానికి వేరే మెడ, తీగలు, కరెంటు సామాను బిగించి నాన్న ఆదాంకు ఇచ్చాడు. ఈ రోజు ఆరాధనలో వాడు దాన్నే వాయించాడు. నాన్న వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా బయటికి వెళ్ళి వచ్చాడు.

నిన్న షెడ్డుకు అన్నం తీసుకెళ్ళాను. మిగిలిన టేకు పలకకు తలవైపున వేప ముక్క జోడించి, జిగురు పెట్టి బిగించి ఉంది. నాన్న అతుకు మీద అరచేత్తో రుద్దుతున్నాడు.

"చూడమ్మాయ్, అతుకు కనపడుతుందా?"

రెండు రంగుల చెక్క. "కనపడుతుంది నాన్నా," అన్నాను.

"పోనీలే. మూత ఎవడు చూస్తాడు?"

ఈస్టరునాడు గిటారు వీపు గురించి నువ్వన్న మాట నా నోటిదాకా వచ్చింది. నేను అనలేదు. అది నువ్వు వచ్చి అనాల్సిన మాట. గువాహటిలో రైలెక్కు. విజయవాడకు ఆదాంను పంపిస్తాను. గిటారు వెంట తెచ్చుకో.

ఇట్లు,
నీ రైలు కబురు కోసం చూస్తుండే
అక్క,
లిడియా