మరిగించని పలక

చిట్టీ,

నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మకూ నాకూ ఒంట్లో కులాసాగానే ఉంది. దీవిలో బడి బాగా నడుస్తోందనీ, లాంచీ కోసం పడిగాపులు పడకుండా నేను చేసిన పడవలోనే రోజూ సరస్సు మీద తిరుగుతున్నావనీ చదివి అమ్మ మురిసిపోయింది. "నా కడుపున నీటికోడి పుట్టిందండీ!" అంది.

అంత పల్చటి చెక్క ఎందుకు వేశావని అడిగావు. "ఒక్కదాన్నే ఒడ్డుకు లాక్కోవాలి నాన్నా" అన్నదెవరమ్మా? లావు పలక వేస్తే అది పడవ కాదు, బీరువా. అందుకే నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద పల్చటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ. చెక్క బలమిస్తుంది, రెజిన్ జిగురు పట్టించిన గుడ్డ నీళ్లు ఆపుతుంది.

ఇక ఆ రెండో ప్రశ్న. సీటు కింద అరచేయంత నల్లమచ్చ వచ్చిందనీ, నొక్కితే మెత్తగా ఉందనీ రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

పడవకు ప్లైవుడ్ కొనేటప్పుడు ముక్క కోసి నీళ్లలో మరిగించి చూడాలి. జిగురు మంచిదైతే పొరలు విడవవు. నేనూ మూడు గంటలు మరిగించాను. "ఉప్పూ కారం వెయ్యనా?" అని మీ అమ్మ వెక్కిరించింది కూడా. ముక్క చెక్కుచెదరలేదు. కానీ అది మొదటి పలకది. అడుగుకు ఇంకొకటి కావాలంటే కొట్టువాడు తర్వాత పంపాడు. అదే ముద్ర, అదే రంగు. మళ్లీ పొయ్యి వెలిగించడానికి బద్ధకించాను. ముప్పై ఏళ్ల వడ్రంగిని, చేత్తో తడిమితే తెలియదా అనుకున్నాను.

పడవను నీకు లారీ ఎక్కించి పంపాక, ఆ రెండో పలకలో మిగిలిన ముక్కను అమ్మ నీళ్ల తొట్టికి మూత చేసింది. పది రోజులకే పొరలు పొరలుగా ఊడిపోయింది. "ఏవండీ, ఇది దేని ముక్క?" అంటే, "పాత బీరువాది" అన్నాను. అప్పుడే నీకు రాయాల్సింది. పైన గుడ్డ ఉందిగా, నీళ్లు దిగవులే అని రెండు నెలలు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పరువు పోతుందని భయం తల్లీ. కన్నకూతురి దగ్గర పరువేమిటి, నా బొంద! ఇప్పుడు నీళ్లు దిగాయి. లోపల చెక్క కుళ్లిపోతున్నా గుడ్డ పైకి నున్నగానే కనిపిస్తుంది, విరిగేదాకా.

ఆ పడవ ఎక్కకు అని రాయబోతూ ఆగిపోయాను. మీ దీవిలో ఫోను మోగదు. టపా కూడా రాదు. ఉత్తరాలు సరస్సు ఒడ్డున పోస్టాఫీసులో ఆగుతాయి, నువ్వే పడవ వేసుకొచ్చి తీసుకుంటావు. అంటే దీన్ని చదవాలంటే నువ్వు ఇంకొక్కసారి ఆ పలక మీద దాటి రావాలి.

దీన్ని డబ్బాలో వేసి అటు నుంచి అటే బస్సెక్కుతున్నాను. ఉత్తరం ముందు చేరుతుందో, నేను చేరతానో. చదువుతున్నావు కదూ? అయితే మళ్లీ పడవ ఎక్కకు. పోస్టాఫీసు మెట్ల మీదే కూర్చో. నేను వస్తున్నాను, కదలకు.

ఇట్లు,
నువ్వు ఆ మెట్ల మీద కనబడితే చాలనుకునే
మీ నాన్న