మా అమ్మాయి ముక్క పక్కన పెట్టిన ముక్కను తీయించుట గురించి

పరీక్షల విభాగం పెద్ద డాక్టరు గారికి,

అయ్యా,

విషయం: గాజుపలక మీద మా అమ్మాయి ముక్క పక్కన వేరొకరి ముక్క పెట్టుట ఆపించవలెనని కోరుట.

నాకు చదువు తక్కువ. తప్పులుంటే మన్నించవలెను.

1. అండాశయం క్యాన్సరుతో మా అమ్మాయి పోయినది. ఆపరేషన్‌లో తీసిన గడ్డలో కొంత మైనంలో బిగించి తమ దగ్గర దాచినారు. పరిశోధనకు వాడుకోమని సంతకం పెట్టినది తనే, సాక్షి సంతకం నాది. అందుకు పేచీ లేదు.

2. తమ దగ్గర పరిశోధన చేసే పిల్ల, నేను బతిమాలగా, ఆ గడ్డలోంచి పల్చగా కోసి గాజుపలక మీద అంటించిన ముక్కను మొన్న మైక్రోస్కోపులో చూపించినది. రోజూ చూస్తావా అంటే చూస్తానండి అన్నది. కన్నది నేను, రోజూ చూసేది ఆ పిల్లా? దీనిని కూడా ఫిర్యాదుగా రాసుకోవలెను.

3. పలక మీద రెండు ముక్కలున్నవి. ఒకదానిలో గోధుమరంగు చుక్కలు, ఒకటి వట్టి నీలం. చుక్కలున్నదే మాదనుకుని, మా అమ్మాయి ఎక్కడున్నా కళగానే ఉంటుందన్నాను. ఆ పిల్ల పలకను కొంచెం జరిపి చెప్పినది.

"అది కాదు పిన్నిగారూ, నీలంగా ఉన్నది మీ అమ్మాయిది. గడ్డ పెరక్కుండా అడ్డుపడే ప్రోటీన్ ఒకటుంటుంది. అది ఉంటేనే చుక్కలొస్తాయి. రంగు సరిగ్గా పట్టిందో లేదో తెలియాలి కదా, అందుకని అది ఉన్నవాళ్ల ముక్క పక్కన పెడతాం."

4. ఆ ప్రోటీన్ ఉన్నావిడ ఎవరన్నాను. చెప్పకూడదట. బతికుందా అన్నాను. ఉన్నారండీ అని తల దించుకున్నది. అయ్యా, నా కళ్లలో నిప్పులు పోసినట్టయినది. వార్డులో పక్క మంచం పిల్లకు జుట్టు మళ్లీ వచ్చి, వాళ్లమ్మ దువ్వుతుంటే నేను గోడకేసి తిరిగి కూర్చునేదాన్ని. పోయాక కూడా బాగున్నవాళ్లను తెచ్చి పక్కన పెట్టాలా? నా బిడ్డకు లేనిది ఎత్తి చూపడానికా?

5. కావున ఆ ముక్కను వెంటనే తీయించి, తమకు కావలసిన రంగు వేరే పలక మీద చూసుకొనవలెను.

కడుపుమంటతో రాసినదని పక్కన పడేయక, తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూల మంచం అమ్మాయి తల్లి

మళ్లీ రాయునది: ఇది ఇద్దామని తమ గది బయట కూర్చుంటే, ఆ పిల్ల పలకలన్నీ పెట్టెలో సర్ది మూత వేస్తూ కనిపించినది. లోపలంతా చీకటి. మా అమ్మాయికి ఒక్కతే పడుకోవడం అలవాటు లేదు. ఎంత పెద్దదైనా పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఆ ముక్క తీయవద్దు. అయిదో నంబరు కొట్టివేస్తున్నాను. ఆవిడ చల్లగా ఉండాలని రాయడానికి నాకింకా చెయ్యి రావడం లేదు. పక్కన మాత్రం ఉండనివ్వండి.

రెండో నంబరు కొట్టివేయలేదు.