బిచ్చా బావ సర్దిన కంప్యూటర్

జూన్ 9, ఆదివారం

మహేందర్ కంప్యూటర్ ఆన్ చేశాను. వాడు పోయాక ఇదే మొదటిసారి. ఫ్యాన్ తిరిగింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి అక్కడే ఆగిపోయాయి. అంతా ఇంగ్లీషు. ఏడో తరగతి చదువు నాది. కూడబలుక్కుంటే ఒక్క మాట తెలిసింది. మిస్సింగ్. బస్టాండు గోడ మీద మనుషుల ఫొటోల కింద రాసే మాట.

ఆపి మళ్ళీ వేశాను. అదే. దుమ్ము తుడిచి వేశాను. అదే.

వాడి ఫోను వాడితో పాటే గుంతలో పెట్టేశారు. ఇక వాడి గొంతు ఎక్కడైనా ఉంటే ఈ డబ్బాలోనే ఉండాలి. పెళ్లిళ్ల వీడియోలు తీసి ఇంట్లో దీని ముందే కూర్చుని ఎడిటింగ్ చేసేవాడు. నా కొడుకు గొంతు ఒక్కసారి వినాలి. ఇంకేమీ వద్దు.

జూన్ 10, సోమవారం

వీధి చివర షాపుకు మోసుకుపోయాను. అతను చూసి, సిస్టం ఫైళ్లు పోయినయమ్మా, ఫార్మాట్ కొట్టాలె, కొత్తగైతది అన్నాడు. లోపలున్నవి ఏమవుతాయి అంటే అన్నీ ఖతం అన్నాడు. ఏమున్నయ్ లోపల, సినిమాలా అని నవ్వాడు. ఎత్తుకుని వచ్చేశాను.

మా ఇంటాయన మిల్లులో బస్తాలు మోసి వచ్చాడు. సంగతి చెబితే, ఊకో ఇగ, ఇనుప డబ్బాల పిలగాడుంటడా అన్నాడు. మిర్యాలగూడ మొత్తం ఊక వాసన. కిటికీ మూశాను. తెరిచాను. మూశాను.

జూన్ 12, బుధవారం

పెద్దవూర పక్కన తండా నుంచి బిచ్చా బావ వచ్చాడు. మా ఇంటాయనకు అన్న. కంప్యూటర్ పాడైందంటే, గదా, నేనే సాఫ్ చేసిన అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో.

దినాల నాడు మేము మహేందర్ బట్టలు, చెప్పులు, మంచం అన్నీ తీసేస్తున్నాం కదా. అప్పుడు బావ దీని ముందు కూర్చున్నాడట. ఇల్లంతా తీసి, దీని లోపలివి మాత్రం ఎందుకు వదలాలి అనుకున్నాడట. అర్థం కాని పేర్లున్న ఫైళ్లన్నీ వాడివే అని వరసగా తీసేశాడట. కొన్ని పోమని మొండికేసినయ్, ఎట్లనో పంపిన అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. వాని సామాన్ ఇంట్ల ఉంటే వాడు పోడు మంగమ్మా, గీడ్నే తిరుగుతుంటడు అన్నాడు.

తిరగనీ బావా, నీకేం అడ్డం అన్నాను.

చెంబు విసిరి కొట్టాలనిపించింది. అన్నం పెట్టాను. ఇంకొంచెం పప్పు వేసుకోమని కూడా అన్నాను.

జూన్ 13, గురువారం

ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడుస్తున్నాను.

జూన్ 15, శనివారం

డబ్బాను దుప్పట్లో చుట్టి సూర్యాపేట బస్సెక్కాను. కండక్టర్ మంచి హుషారు మనిషి. నీకు ఫ్రీనే అక్కా, నీ డబ్బాకు కాదు అన్నాడు. ఆడదైతే జీరో టికెట్ కొడత, మొగదైతే పైసలియ్యాలె, ఏందిది చెప్పు అన్నాడు. బస్సంతా నవ్వింది. మొగపిలగాడే, టికెట్ కొట్టు అన్నాను. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత దారంతా కిటికీలోంచే చూశాను.

సూర్యాపేటలో యోగేష్ అనే అతనిది రిపేరు షాపు. ఫార్మాట్ చెయ్యొద్దని దండం పెట్టి చెప్పాను. దండాలెందుకమ్మా, ఏ ఫైలు లేదంటుందో గా ఫైలు ఇంటర్నెట్ల దొరుకుతది, తెచ్చి పెడత అన్నాడు. నా ముందే ఒకటి పెట్టాడు. వెంటనే తెర మీద ఇంకో పేరు వచ్చింది, అది లేదని. అది తెచ్చాడు. మరొకటి లేదంది. ఉంచి పొమ్మన్నాడు. దాన్ని అక్కడ వదిలి రావడానికి కాళ్లు రాలేదు.

జూన్ 18, మంగళవారం

యోగేష్‌కు ఫోన్ చేశాను. పరేషాన్ జేస్తున్నది అమ్మా, పాత దుప్పటి లెక్క గీడ కుడితే గాడ చినుగుతది అన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ చేశాను. అమ్మా, నువ్వు ఇన్నిసార్లు చేస్తే నేను పని ఎప్పుడు జెయ్యాలె అన్నాడు. సాయంత్రం చేస్తే ఎత్తలేదు.

జూన్ 21, శుక్రవారం, మధ్యాహ్నం

యోగేష్ తన వల్ల కాదంటే డబ్బా తీసుకుని అటునుంచి అటే కోదాడ వచ్చాను. మహేందర్‌కు పెళ్లిళ్ల పనులిచ్చిన గోపి స్టూడియో ఇక్కడే. నాకు ముందే తోచాల్సింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఏంటమ్మా, ఇంత ఎండలో మోసుకొచ్చారు, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాడిని కదా అన్నాడు. బావ చేసింది చెబితే నోరు తెరిచాడు. సెంటిమెంటుతో విండోస్ లేపేసినోడిని ఇప్పుడే వింటున్నాను అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

ఒక్కో ఫైలు ఏరుకొస్తే ఎప్పటికీ తెమలదట. ఇదే విండోస్ అసలు కాపీని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాంతో ఆన్ చేసి, పోయినవన్నీ అందులోంచే తిరిగి పెట్టించాలట. నల్ల కిటికీ లాంటి దాంట్లో ఏదో టైప్ చేశాడు. అంకె నెమ్మదిగా వంద వైపు పోతోంది. కూర్చోలేక బయటికి వచ్చి ఇది రాస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

లేచింది. కంప్యూటర్ లేచింది.

సి అనే అర కంప్యూటర్ తన కోసం పెట్టుకున్నదట. డి అనే అర మహేందర్‌ది. బావ ఊడ్చింది సి ఒక్కటే. వాడివనుకుని తీసేసినవన్నీ కంప్యూటర్‌వి. వాడివి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. గోపితో ఇంకోసారి చెప్పించుకున్నాను.

అన్నీ పెళ్లిళ్లే. ఎవరెవరి పెళ్లిళ్లో. ఎందులోనూ నా కొడుకు లేడు. కెమెరా పట్టుకున్నోడు వీడియోలో ఎక్కడ కనిపిస్తాడమ్మా అన్నాడు గోపి. గొంతు కూడా లేదు, అన్నిటికీ పాటలు పెట్టేశాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఆపేద్దామా అన్నాడు. వద్దన్నాను.

చివరికి తిరుమలగిరి పెళ్లి. మహేందర్‌ను తీసుకుపోయిన ఆ జ్వరం రాకముందు తీసింది, పాటలు పెట్టనిది. మండపం ఖాళీగా ఉంది. చీకటిగా ఉంది. ఉన్నట్టుండి, ఓ లైటన్నా, ఉన్నవా పోయినవా అని మహేందర్ అరిచాడు. లైటు వెలిగింది. నా ఒళ్లంతా వెలిగింది.

తర్వాత వీడియోలోనే వాడి ఫోను మోగింది. యాడీ అన్నాడు. అమ్మా అని కాదు, ఇంట్లో నన్ను పిలిచినట్టే. కాసేపు మాట లేదు. తిన్న అన్నాడు. మళ్ళీ మాట లేదు. తిన్న అంటున్న గదా అని విసుక్కున్నాడు. పొద్దుగాల వస్త, పెట్టెయ్, పెండ్లిపిల్ల వస్తున్నది అన్నాడు.

ఆ ఫోను చేసింది నేనే.

జూన్ 24, సోమవారం

పెళ్లివాళ్లకు అక్కర్లేదని ఆ ముక్క కోసి గోపి నాకు ఇచ్చాడు. ఎక్కడ నొక్కాలో నేర్పాడు. మాట లేని చోట నేనేం అడిగానో అదే అడుగుతున్నాను. తిన్నావా. ఏం తిన్నావ్. ఎప్పుడొస్తవ్. కొంచెం ముందో వెనకో అయితే నా మాట మీద వాడి మాట పడుతోంది.

ఆ గొంతు వినిపిస్తుంటే మా ఇంటాయన గడప దాటి లోపలికి రావడం లేదు.

జూన్ 30, ఆదివారం

చెరువు గట్టున బట్టలు ఆరేసి వచ్చేసరికి లోపల మాటలు వినిపించాయి. ఆయన కంప్యూటర్ ముందు నిలబడి, తిన్నవా బిడ్డా అంటున్నాడు.