అక్క కొడుకుని నేనెందుకు ఎత్తుకోలేదంటే

నూజివీడు,
18-8-1948.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు శారద నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నాన్నగారు, అమ్మ, నాయనమ్మ, నేను క్షేమం. ఖరగ్‌పూరులో నువ్వూ, బావగారూ, చిరంజీవి లక్ష్మీనరసింహారావు గారూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఉయ్యాలలో పిల్లవాడికి పెట్టిన తాతగారి పేరు పూర్తిగా రాస్తే కార్డులో సగం వాడికే సరిపోతోందని ఈసారి కవరు తెప్పించాను. క్షేమమనే మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాను గానీ ఈ వేసవి నుంచి రాసినవేవీ నిజం కాదు. ఇవాళ రాసింది నిజం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. నాయనమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. వరలక్ష్మీ వ్రతం నాడు మాత్రం పేరంటాలకి వీధంతా తిరిగి వచ్చింది, మర్నాడు మజ్జిగ చిలకమంటే మళ్ళీ నొప్పులన్నది. తోటలో కాపు దిగిపోయింది. నాన్నగారు దున్నించి, ఎండుకొమ్మలు కొట్టిస్తున్నారు. చిన్నరసాలు బాగా కాశాయి. పెద్దరసాలు పిందె మీద ఉండగా గాలివానకి రాలిపోయాయి. రాలిన కాయలన్నీ అమ్మ ఒరుగులు పెట్టి నీ వాటా మూట కట్టి ఉంచింది. జాడీలో ఆవకాయ ఎండిపోయినట్టుందని రాశావు, నువ్వులనూనె పోసి అడుగునుంచి బాగా కలపమంది. బావగారి చేత కలిపించవద్దట, ఆయన చేతి గురించి అమ్మకి నమ్మకం లేదు.

ఇక నువ్వు చివర రాసిన ప్రశ్న. "మొదట్లో వాణ్ణి చంక దించనిదానివి, ఆవకాయలు పెట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేను బండెక్కుతుంటే గుమ్మంలోకైనా రాలేదు. పసివాడు నీకేం అపకారం చేశాడే? జవాబు రాయకపోతే మళ్ళీ వాణ్ణి ఆ గడప తొక్కించను" అన్నావు. ఆ మాట చదివి రెండు పూటలు అన్నం తినలేదు. నీ మీద కోపంతో కాదు. నీకు అంత కోపం రావలసిందే, నేనైతే ఇంకా ఎక్కువే రాద్దును.

ఆవకాయ ముక్కలు కొట్టిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. వసారాలో నేను కత్తిపీట ముందు కూర్చున్నాను. నువ్వు ఉయ్యాల నా పక్కకి జరిపి, "స్నానం చేసి వస్తాను, చూస్తుండవే" అని వెళ్ళావు. తిరిగి వచ్చేసరికి నేను పెరట్లో దూరంగా నిలబడి ఉన్నాను. ఏంటే అని అడిగితే బయట చేరానన్నాను. ఇక చెప్పేదేముంది, నెలనెలా వచ్చే ఆ మూడు రోజులూ ఆడపిల్ల నీడ కూడా ఊరగాయ మీద పడకూడదు కదా. నాయనమ్మ కారం, ఆవపిండి లోపలికి లాక్కుపోయి, నా చాపా చెంబూ వెనక వసారాలో పడేయించింది. ఒక్కరూ మారు ప్రశ్న వెయ్యలేదు.

అది అబద్ధం అక్కా. ఆ అబద్ధం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. కత్తిపీట ముట్టుకోవద్దన్నారు, పిల్లవాణ్ణి ముట్టుకోవద్దన్నారు, నాకు కావలసింది అదే. అందుకని నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చిన కొద్ది రోజులకే మళ్ళీ బయట చేరాను. ఆ తర్వాత మళ్ళీ. నువ్వు ప్రయాణమైన రోజున కూడా అదే వంక. నువ్వు వెళ్ళాక మానేద్దామనుకున్నాను గానీ మానలేకపోయాను.

అమ్మ కళ్ళు గప్పడం అయ్యే పనేనా. నాకేదో గర్భకోశంలో జబ్బు పట్టుకుందని, రేపు పెళ్ళయితే పిల్లలు పుట్టరని బెంగ పెట్టుకుంది. అశోకచెక్క కషాయం పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు తాగించింది. లేని జబ్బుకి ఆ చేదు మందు గడగడా తాగేశాను, ఉన్న జబ్బు చెప్పడం కంటే అది తేలికనిపించింది. కషాయానికి గుణం కనిపించకపోయేసరికి నాన్నగారికి చెప్పి నన్ను బెజవాడ బస్సు ఎక్కించింది. అక్కడ కమల గారని ఒక ఆడ డాక్టరున్నారు. పొట్టిగా ఉంటారు, నాయనమ్మ కంటే గట్టిగా మాట్లాడతారు.

అమ్మ చెప్పిందంతా ఆవిడ విని, నన్ను పరీక్ష చేసి, నా ముఖం వంక చూశారు. "అమ్మాయ్, మీ అమ్మగారు చెప్పినంత రక్తం పోయినదానివి ఇంత ఎర్రగా ఎలా ఉన్నావ్?" అన్నారు. నేను తలెత్తకుండానే, "అమ్మని కాసేపు బయట కూర్చోమనండి, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇంకొక్క నెల అలా ఉంటే నూతిలో దూకుదామని అప్పటికే అనుకున్నాను, బహుశా అందుకే వచ్చి ఉంటుంది.

అక్కా, ఇక్కడినుంచి చదివేముందు పిల్లవాణ్ణి పడుకోబెట్టి, నువ్వు కూర్చుని చదువు.

ఆ రోజు నువ్వు స్నానానికి వెళ్ళాక వాడు ఉయ్యాలలోంచి నన్ను చూసి నవ్వాడు. నేను కాయ కత్తిమీద పెట్టి నవ్వబోయాను. అప్పుడు ఉన్నట్టుండి, ఎవరో నా తలలోకి విసిరినట్టు, ఈ కత్తి వాడి మీద వేస్తేనో అన్న ఆలోచన వచ్చింది. మాట ఒక్కటే కాదు, బొమ్మ కూడా కనిపించింది. కాయ వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను. పోగొట్టుకుందామని ఎంత ప్రయత్నిస్తే అంత వచ్చేది. వాడి ఏడుపు వినిపిస్తే వచ్చేది, నవ్వు వినిపిస్తే వచ్చేది. వంటింట్లో కత్తులన్నీ బియ్యం గాబు వెనక దాచింది నేనే, మీరంతా పనిమనిషిని అన్నారు పాపం. వాడు వెళ్ళిపోయాక ఆ ఆలోచన నాయనమ్మ మీదికి మళ్ళింది. నాలో ఏ రాక్షసో చేరిందనుకున్నాను. నీకు చెబితే జన్మలో నా ముఖం చూడవనుకున్నాను. నేను వాణ్ణి ఎత్తుకోకపోవడం వాడంటే ఇష్టం లేక కాదు. నా చేతులంటే భయపడి.

ఇదంతా ఏడుస్తూ చెప్పాను. డాక్టరు గారు ఏ దేవుడి పేరూ తియ్యలేదు, అసహ్యించుకోనూ లేదు. "ఎప్పుడైనా చెయ్యాలనిపించిందా, చేస్తానేమోనని భయమేసిందా?" అని అడిగారు. భయమేనన్నాను. "ఇది జబ్బమ్మా. నీ వయసులో చెప్పాపెట్టకుండా వస్తుంది. వాడంటే నీకు ప్రాణం, అందుకే నీ జబ్బు వాణ్ణే పట్టుకుంది. చెయ్యాలనుకునేవాళ్ళు ఇలా కత్తులు దాచుకుని ఏడవరు" అన్నారు. తర్వాత లేచి వెళ్ళి, వార్డులోంచి ఒక పసిపిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. బల్లమీద కత్తెరలూ, చాకులూ అలాగే ఉన్నాయి. "పట్టుకో, అమ్మతో మాట్లాడి వస్తాను" అని తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయారు.

పిల్లని రెండు చేతులా పొదువుకున్నాను. ఆలోచన రానే వచ్చింది. వచ్చింది, కాసేపుంది, పోయింది. ఆ పిల్ల నా వేలు పట్టుకుని నిద్రపోయింది. ఆవిడ వచ్చి చూసి, "ఏమైంది?" అన్నారు. ఏమీ కాలేదండీ అన్నాను. అక్కా, ఎన్నాళ్ళకో నాకు ఊపిరి ఆడినట్టయింది.

నిద్ర పట్టడానికి మందు ఇచ్చారు. ఆలోచన వస్తే రానిమ్మన్నారు, దానికి జడిసి పని ఆపవద్దన్నారు, అబద్ధపు బయట చేరికలు ఇక కుదరవన్నారు. నెలకొకసారి వెళ్ళి చూపించుకోవాలి. పూర్తిగా పోలేదు. నిన్న బెండకాయలు తరుగుతుంటే వచ్చింది. బెండకాయలు తరగడం మాత్రం ఆపలేదు.

ఇంకొకటి చెప్పాలి, నీకు రాయడానికి అమ్మ ఒప్పుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ ముందు రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. నన్ను చూసి భయపడుతోందనుకుని నేను కిటికీ వైపు జరిగి కూర్చున్నాను. నూజివీడు దగ్గర పడుతుండగా నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "వేణి నెలల పిల్లగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తుకుని నేను నూతి దగ్గరకి వెళ్ళేదాన్ని కాదే. చేతులు జారవిడిచేస్తానేమోనని. నీళ్ళు తోడ్డానికి ఒళ్ళు వంగదని మీ నాయనమ్మ వీధంతా చాటింది. నేను మాత్రం ఎవరితో చెప్పుకోను?" అన్నది. ఇన్నేళ్ళూ అమ్మ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ నెలల పిల్లవి నువ్వే కదా అక్కా, చక్కగా పెరిగి పెద్దదానివై నన్ను కోప్పడుతూ ఉత్తరాలు రాస్తున్నావు.

నీకూ ఎప్పుడైనా అటువంటి ఆలోచన వస్తే అమ్మలా దాచుకోవద్దు, నాలా అబద్ధాలాడవద్దు. నాకు రాయి. నాకిప్పుడు అందులో కొంత అనుభవముంది.

ఇదంతా చదివాక నీకు భయమేస్తే నేనేమీ అనుకోను. భయం వెయ్యకపోతే మాత్రం బావగారిని అడిగి దసరాకి రా. నేను స్టేషనుకి వస్తాను. రైలు దిగగానే వాణ్ణి అమ్మకిచ్చేవు, నాయనమ్మకిచ్చేవు సుమా. ముందు నాకివ్వు.

ఇట్లు,
వాడికి ముద్దులు బాకీ పడ్డ పిన్ని,
నీ చెల్లెలు శారద.